తాగుడు మాన్పించే వైద్యం: ఓపీ, ప్రభుత్వ వార్డు, ప్రైవేటు సెంటర్... ఎవరికి ఏది?

మా బావ విజయవాడ ఆటోనగర్‌లో లారీ మెకానిక్. నాలుగేళ్ల కిందట కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకున్నాడు. ముందు రోజు రాత్రి దాకా రోజుకు రెండు క్వార్టర్లు, పొద్దున్నే చేతుల వణుకు ఆగడానికి ఇంకో గుక్క. మాల పడ్డాక చుక్క ముట్టలేదు. ఇంటిల్లిపాదీ సంబరపడ్డాం. మూడో రాత్రి పీఠం దగ్గర భజన జరుగుతుంటే బావ గోడవైపు తిరిగి కూర్చుని గాల్లో స్పానర్ తిప్పుతున్నాడు. కనపడని నట్టు బిగిస్తాడు, వేలితో తడిమి చూస్తాడు, పక్కనున్న పిల్లాడితో "పదిహేడో నంబరు ఇటియ్యరా" అంటాడు. స్వామి పూనాడన్నారు గురుస్వామి. హారతిచ్చారు. మా అక్క దండం కూడా పెట్టుకుంది.

తెల్లారేసరికి ఒళ్లు కాలిపోతోంది, అక్కని కూడా గుర్తుపట్టడం లేదు. 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. అక్కడి డ్యూటీ డాక్టరమ్మకి రెండే ప్రశ్నలు సరిపోయాయి. రోజూ ఎంత తాగుతాడు? ఎప్పుడు ఆపాడు? దీన్ని డెలీరియం అంటారని, రోజూ తాగే మనిషి ఒక్కసారిగా ఆపితే కొందరికి ఇలా అవుతుందని, వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చని చెప్పింది. ఈ స్థితిలో చేతులు అలవాటైన పనే చేస్తుంటాయట. దర్జీ అయితే సూదిలో దారం ఎక్కిస్తూ ఉంటాడు.

ఆ తర్వాత ఈ నాలుగేళ్లలో మూడు రకాల చోట్లు చూశాం. బంధువుల్లో, ఆటోనగర్‌లో ఎవరింట్లో ఈ గొడవ వచ్చినా ఇప్పుడు నాకే ఫోన్ చేసి "మంచి సెంటరు ఏదైనా చెప్పు తమ్ముడూ" అంటారు. నేను పేర్లు చెప్పను. ముందు రెండు సంగతులు విడదీసుకోమంటాను. ఆపిన మొదటి వారం మనిషి ఎక్కడుండాలి అనేది ఒకటి. తర్వాతి ఏడాది ఎవరి దగ్గరికి వెళ్తుండాలి అనేది ఇంకొకటి. మొదటిదానికి ప్రాణభయం ఎంతుందో చూసుకోవాలి, రెండోదానికి ఇంటికి ఎంత దగ్గరో చూసుకోవాలి. ఒక్క ఫీజు కడితే రెండూ అయిపోతాయనుకుని మేం రెండేళ్లు, చాలా డబ్బు పోగొట్టుకున్నాం.

ఆపిన మొదటి నాలుగు రోజులు

ఎక్కడ చేర్పించాలో తేల్చేది ఈ నాలుగు రోజులే కాబట్టి ముందు వీటి సంగతి.

ఆఖరి గుక్క పడిన ఆరేడు గంటలకు వణుకు, చెమటలు, వాంతులు మొదలవుతాయి. గుండె దడదడలాడుతుంది, బీపీ పెరుగుతుంది, నిద్ర రాదు. చాలామందికి ఇంతవరకే. కొందరికి మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ వస్తాయి, అంతకు ముందు జన్మలో ఫిట్స్ ఎరగని వాళ్లకి కూడా. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య డెలీరియం. లేని మనుషులతో మాట్లాడటం, దుప్పటి మీద చీమలు ఏరడం, రాత్రో పగలో తెలియకపోవడం. అంటే "రెండు రోజులు బానే ఉన్నాడు, గండం గడిచింది" అని మనం ఊపిరి పీల్చుకునే వేళకే అసలు ప్రమాదం వస్తుంది. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి వైన్ షాపులు మూసేసినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ ఆస్పత్రి ఓపీ ఇలాంటి కేసులతోనే నిండిపోయింది. వాళ్లెవరూ కావాలని మానినవాళ్లు కాదు. సరుకు దొరక్క ఆగిపోయినవాళ్లు.

ఇక లెక్క. మన దగ్గర 30 మిల్లీలీటర్ల విస్కీలోనో బ్రాందీలోనో దాదాపు 10 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. క్వార్టర్ 180 మిల్లీలీటర్లు, అంటే ఆరు పెగ్గులు. 8 శాతం ఉన్న స్ట్రాంగ్ బీరు పెద్ద సీసా నాలుగు పెగ్గుల పెట్టు. "మావాడు బీరే తాగుతాడు" అనేవాళ్లు ఈ లెక్క చూసుకోవాలి. డాక్టరు అడిగినప్పుడు తగ్గించి చెబితే మాత్ర డోసు కూడా తగ్గుతుంది, ఆ రాత్రి ఫిట్స్ రూపంలో మనకే తిరిగొస్తుంది. మా అక్క మొదటిసారి పరువు కోసం "అప్పుడప్పుడూ ఒక క్వార్టరండీ" అంది. నేను పక్కనే నిలబడి నోరు మూసుకున్నాను.

ఈ కింద చెప్పేవాటిలో ఒక్కటి ఉన్నా ఇంట్లో ఆపే ఆలోచన పెట్టుకోవద్దు: గతంలో ఫిట్స్‌గానీ డెలీరియంగానీ వచ్చి ఉండటం, పచ్చకామెర్లు లేదా పొట్టలో నీరు, గుండె జబ్బు, నిద్రలేవగానే తాగితేగానీ చేతులు కుదురుకోకపోవడం, ఇంట్లో రాత్రింబవళ్లు కనిపెట్టుకుని ఉండే మనిషి లేకపోవడం, ఆస్పత్రి గంట దూరంలో ఉండటం. చచ్చిపోతానన్న మాట వచ్చినా అంతే. "పోయినసారి ఇంట్లోనే మానేశాడు, ఏమీ కాలేదు" అన్నది లెక్కలోకి రాదు. మానడం, మళ్లీ తాగడం జరిగిన కొద్దీ తర్వాతి సారి వణుకూ ఫిట్సూ ఇంకా గట్టిగా వస్తాయని డాక్టర్లే చెబుతారు.

తెలంగాణ వైపు వాళ్లకు ఒక మాట. కల్లు మాత్రమే తాగుతాడు కదా అని తేలిగ్గా తీసుకోకండి. కల్తీ కల్లులో ఆల్ప్రాజోలం, డయజిపాం, క్లోరల్ హైడ్రేట్ కలపడం కొత్తేమీ కాదు. అది ఆగితే ఒకేసారి నిద్రమాత్రలు ఆగినట్టే, ఫిట్స్ రావచ్చు. మాత్రల డోసు నెమ్మదిగా, ఎక్కువ రోజులు తీసుకుని తగ్గించాల్సి వస్తుంది. డాక్టరుకు "కల్లు" అని, ఏ దుకాణం కల్లో, రోజుకు ఎన్ని సీసాలో విడిగా చెప్పాలి.

ఇంకోటి, ఊళ్లో ఆర్‌ఎంపీని పిలిచి గ్లూకోజ్ సీసా ఎక్కించడం. నీరసంగా ఉన్నాడని మంచి మనసుతోనే చేస్తారు. ఏళ్లతరబడి తాగిన ఒంట్లో థయామిన్, అంటే బీ1 విటమిన్, అడుగంటి ఉంటుంది. అది ఇవ్వకుండా గ్లూకోజ్ మాత్రమే ఎక్కిస్తే మెదడు దెబ్బతిని చూపు, నడక, జ్ఞాపకం పోయే ప్రమాదం ఉంది. ఆస్పత్రిలో అందుకే మొదట థయామిన్ ఇంజెక్షన్ ఇస్తారు, సెలైన్ సంగతి తర్వాత.

ఇంటి దగ్గరుండి ఓపీలో

పైన చెప్పిన ప్రమాదాలేవీ లేని మనిషికి నా మొదటి ఓటు దీనికే. ఇందులో గొప్పగా కనిపించేదేమీ ఉండదు, అందుకే జనానికి ఆనదు. "చేర్పించాం" అంటే ఏదో చేసినట్టు, "ఓపీలో చూపిస్తున్నాం" అంటే ఏమీ చేయనట్టు. 2019లో కేంద్రం బయటపెట్టిన జాతీయ సర్వేలో మద్యానికి బానిసలైన 38 మందిలో ఒకరికే ఏదో ఒక సాయం అందుతోందని, ఆస్పత్రిలో చేరింది 180 మందిలో ఒకరేనని తేలింది. అందరికీ మంచాలు ఎక్కడా లేవు, అందరికీ అక్కర్లేదు కూడా.

మొదటి రోజు సైకియాట్రిస్టు అరగంట మాట్లాడతాడు. ఎప్పట్నుంచి, ఎంత, ఆఖరిసారి ఎన్నింటికి, పొద్దున్నే తాగుతావా, ఫిట్స్ వచ్చాయా, గుట్కా, గంజాయి, నిద్రమాత్రలు ఏమైనా ఉన్నాయా. రక్తపరీక్షలు రాస్తాడు: లివర్, షుగర్, సోడియం పొటాషియం, కొందరికి ఈసీజీ, పొట్ట స్కానింగ్. తర్వాత లిబ్రియం అని అందరూ పిలిచే క్లోర్‌డయాజిపాక్సైడ్ మాత్రలు, లివర్ బాగా చెడితే దానికి బదులు లోరాజిపాం. మొదటి రెండు రోజులు ఎక్కువ, రోజూ కొంచెం తగ్గిస్తూ వారం పది రోజుల్లో పూర్తిగా ఆపేస్తారు. ఆ వారం మగతగా ఉంటుంది, బండి నడపకూడదు, మెషీను దగ్గరికి పోకూడదు. మాత్రలు మనిషి చేతికివ్వకూడదు, ఇంట్లో ఒకరి దగ్గరుండాలి. ఈ మాత్ర వేసుకుని పైన తాగితే ఊపిరి ఆగేదాకా రావచ్చు.

ఇక్కడ ఉన్న చిక్కు మెడికల్ షాపు. వారం అయ్యాక "నిద్ర పట్టట్లేదు" అని పాత చీటీ పట్టుకెళ్తే కొందరు మళ్లీ అవే ఇచ్చేస్తారు. తాగుడు పోయి మాత్ర పట్టుకుంటుంది. నిద్ర వారాలపాటు సరిగా ఉండదు, అది ముందే తెలిసి ఉంటే కంగారు పడరు.

మాల వేసుకునేవాళ్ల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. 41 రోజుల దీక్ష చిన్న విషయం కాదు. సొంత ఇష్టంతో మానే రోజులు మళ్లీ అంత తేలిగ్గా దొరకవు. మాల వేసుకోవడానికి రెండు వారాల ముందే ఓపీకి వెళ్లి, లిబ్రియం కోర్సు డాక్టరు చేతుల మీదుగా పూర్తిచేసుకుని, అప్పుడు వేసుకుంటే ఇబ్బంది ఉండదు. మాలలో ఉండి మాత్రలు వేసుకోకూడదని ఏ గురుస్వామీ అనరు. బావలా ముందే డెలీరియం వచ్చినవాళ్లు మాత్రం ఆ కోర్సు ఆస్పత్రిలో చేరే పూర్తిచేసుకోవాలి.

ప్రభుత్వ వార్డు

ప్రాణభయం ఉన్నవాళ్లు మొదట వెళ్లాల్సింది ఇక్కడికే. ఖర్చు లేకపోవడం ఒక్కటే కారణం కాదు. అదే ప్రాంగణంలో మెడికల్ వార్డు, ఐసీయూ, రాత్రి రెండింటికి లేచి వచ్చే డ్యూటీ డాక్టరు ఉంటారు. ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆస్పత్రుల్లో సైకియాట్రీ విభాగం ఉంటుంది. విశాఖ చినవాల్తేరులోని మానసిక ఆస్పత్రి, ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థ ఉండనే ఉన్నాయి. చిత్తూరు, నెల్లూరు వైపు వాళ్లకు చెన్నైలో 1980లో మొదలైన టీటీ రంగనాథన్ ఫౌండేషన్ ఆస్పత్రి, అనంతపురం వాళ్లకు బెంగళూరు నిమ్‌హాన్స్‌లోని వ్యసనాల విభాగం హైదరాబాద్ కంటే దగ్గర.

"పిచ్చాసుపత్రిలో పెట్టామంటే పిల్ల పెళ్లెలా అవుతుంది" అని మా పెదనాన్న అన్నాడు. ఆటోనగర్ రోడ్డు మీద పడి ఉన్నప్పుడు చూసినవాళ్లకి ఆస్పత్రి మంచం మీద చూస్తే వచ్చే కొత్త నష్టమేంటో నాకిప్పటికీ అర్థం కాలేదు.

లోపాలూ ఉన్నాయి. అటెండరుగా ఇంటి మనిషి ఒకరు రాత్రింబవళ్లు ఉండాల్సిందే. మంచాల మీద ఒత్తిడి ఎక్కువ, వారం పది రోజుల్లో పంపించేస్తారు. కౌన్సెలింగ్‌కి అంత జనంలో దొరికేది కొద్ది నిమిషాలు. తొమ్మిదో రోజు బావని ఇంటికి తెచ్చాం. ఒళ్లు తేలికపడింది, ఇడ్లీలు ఆరు తిన్నాడు. పదిహేను రోజులకు మళ్లీ రమ్మని చీటీ మీద రాసిచ్చారు. బానే ఉన్నాడు కదా అని మేమే తీసుకెళ్లలేదు. సంక్రాంతికి మళ్లీ మొదలైంది. ఒంట్లోంచి మద్యం పోవడానికి వారం, అలవాటులోంచి పోవడానికి ఏడాది పైన అని అప్పటికి మాకు తెలియదు.

ప్రభుత్వ వార్డుకీ ప్రైవేటుకీ మధ్య ఇంకోటుంది, చాలామందికి తెలియదు. కేంద్ర సామాజిక న్యాయ శాఖ గ్రాంటుతో స్వచ్ఛంద సంస్థలు నడిపే కేంద్రాలు, ఐఆర్‌సీఏ అంటారు. పదిహేను, ముప్పై, యాభై మంచాల లెక్కన ఉంటాయి, ఫీజు ఉండదు. మీకు దగ్గర్లో ఏదుందో 14446కి ఫోన్ చేస్తే చెబుతారు, అది వ్యసనాల కోసమే పెట్టిన జాతీయ హెల్ప్‌లైన్. మనసు బాగోకపోతే టెలీ మానస్ 14416, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ప్రైవేటు సెంటర్, నెలల లెక్కన

సంక్రాంతి తర్వాత మేం పట్టుకున్నది దీన్నే. డాలస్‌లో ఉండే మా చిన్నాన్న కొడుకు నెట్‌లో వెతికి, ఫోటోలు చూసి, డబ్బు పంపించాడు. ఊళ్లో ఉన్న నాన్నకో అన్నకో అమెరికా నుంచి సెంటరు చూసేవాళ్లు చాలామందే తగిలారు నాకు. లాన్, యోగా హాలు ఫోటోలో బాగుంటాయి. రాత్రిపూట నర్సు ఉందో లేదో ఫోటోలో పడదు. మేం అడిగిన చోట్ల నెలకు పన్నెండు వేల నుంచి ఎనభై వేల దాకా చెప్పారు, ఆ తేడాకీ వైద్యానికీ సంబంధం తక్కువే కనిపించింది.

చేరేటప్పుడు ఎలా ఉంటుందంటే, గేటు దగ్గరే సంచి మొత్తం బల్ల మీద గుమ్మరిస్తారు. బావది షేవింగ్ బ్లేడు, బెల్టు, ఆఫ్టర్‌షేవ్ సీసా, దగ్గు టానిక్ పక్కన పెట్టారు. అది తప్పేమీ కాదు, మంచి చోట కూడా చేస్తారు. ఫోను తీసుకున్నారు. మొదటి నెల ఇంటివాళ్లు రాకూడదన్నారు. మేం తలూపాం. మూడు నెలల్లో సైకియాట్రిస్టు వచ్చింది రెండుసార్లని, ఎదురు మాట్లాడినవాణ్ని గొలుసుతో మంచానికి కట్టడం కళ్లారా చూశానని బావ బయటికొచ్చాక చెప్పాడు. ఐదు కిలోలు పెరిగి వచ్చాడు. తాళం వేసిన గదిలో తాగకపోవడం ఎవరికైనా వస్తుంది. బయటికొచ్చిన పదకొండో రోజున ఆటోనగర్‌లో జీతం చేతికందింది, మళ్లీ మొదలు.

అన్ని సెంటర్లూ ఇలాంటివేనని అనడం లేదు. ఇంట్లో అందరూ తాగే వాతావరణం ఉన్నవాళ్లకి, ఓపీలో రెండు మూడుసార్లు ప్రయత్నించి ఓడినవాళ్లకి, ఇల్లే లేనివాళ్లకి కొన్నాళ్లు దూరంగా ఉండే చోటు అవసరమే. డబ్బు కట్టే ముందు స్వయంగా వెళ్లి, మధ్యాహ్నం భోజనాల వేళ చూసి, ఇవి అడగండి. రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ రిజిస్ట్రేషన్ కాగితం గోడ మీదుందా? సైకియాట్రిస్టు వారానికి ఎన్ని రోజులొస్తారు, పేరేంటి? రాత్రి ఫిట్స్ వస్తే ఎవరు చూస్తారు, ఏ ఆస్పత్రికి తీసుకెళ్తారు? బయటికొచ్చాక ఏడాది పాటు ఏం చేస్తారు? ఈ ఆఖరి ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పలేని చోట నేనైతే రూపాయి కట్టను.

"మీరు రానక్కర్లేదు, మేమే బండేసుకొచ్చి ఎత్తుకెళ్తాం" అనే చోటికి అసలు పోవద్దు. అర్ధరాత్రి నలుగురు వచ్చి చేతులు విరిచి ఎక్కించుకుపోయిన మనిషి ఆ తర్వాత ఇంట్లో ఎవరినీ నమ్మడు. పైగా చట్టం ఒప్పుకోదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కిందికి మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక సమస్యలు కూడా వస్తాయి. మనిషి సొంతంగా నిర్ణయించుకోగలిగితే అతని ఇష్టంతోనే చేర్చుకోవాలి, వెళ్తానంటే పంపించాలి. నిర్ణయించుకోలేని స్థితిలో, తనకో ఇతరులకో హాని చేసేలా ఉంటే నామినేటెడ్ ప్రతినిధి (అతని తరఫున నిర్ణయాల్లో సాయపడే మనిషి) దరఖాస్తు మీద, ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాక చేర్చుకోవచ్చు, వాళ్లలో ఒకరు సైకియాట్రిస్టే అయి ఉండాలి. అదీ 30 రోజుల దాకానే, తర్వాత కొనసాగించాలంటే మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డు అనుమతి కావాలి. గొలుసులతో కట్టడం ఏ రూపంలోనైనా నిషేధం. ఇవేవీ నాకు అప్పుడు తెలియవు. తెలిసుంటే గేటు దగ్గరే గొడవపడేవాణ్ని.

ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకోవద్దు. ఆరోగ్య బీమా పాలసీల్లో మద్యం, మత్తు వ్యసనాల చికిత్సకు డబ్బు ఇవ్వబోమనే షరతు సాధారణంగా ఉంటుంది. పాలసీ కాగితంలో మినహాయింపుల పేజీ చూసుకోండి.

మాత్రల్లో తేడాలు

మొదటి వారం గడిచాక డాక్టరు ముందుంచేవి ముఖ్యంగా మూడు. ఇక్కడ తొందరపడకుండా కూర్చుని మాట్లాడాలి, ఎందుకంటే మనిషిని బట్టి మాత్ర మారుతుంది.

డైసల్ఫిరాం భయం మీద పనిచేస్తుంది. మాత్ర వేసుకుని తాగితే మొహం ఎర్రబడి, గుండె అదిరి, వాంతులై, బీపీ పడిపోతుంది. తాగి కనీసం ఒక రోజు గడిచాకే మొదలుపెట్టాలి, ఆపేసిన తర్వాత కూడా రెండు వారాల దాకా ప్రభావం ఉండొచ్చు. ఆల్కహాల్ ఉన్న దగ్గు టానిక్కులు, కొన్ని హోమియో చుక్కలు పనికిరావు. విరేచనాలకు చాలామంది వాడే మెట్రోనిడజోల్ కూడా దీంతో పడదు. గుండె జబ్బు, లివర్ బాగా చెడినవాళ్లకి ఇవ్వరు. రోజూ ఎదురుగా నిలబడి వేయించే మనిషి ఉంటేనే ఇది నిలబడుతుంది.

నాల్‌ట్రెక్సోన్ వేరు. తాగినా ఆ మజా తగ్గుతుంది, తాగాలన్న గుంజుడు తగ్గుతుంది. రోజుకు 50 మిల్లీగ్రాములు, ఒక్క మాత్ర. పూర్తిగా మానకముందే మొదలుపెట్టొచ్చు, కాబట్టి "ఇప్పుడే మానలేను" అనేవాళ్లకి ఇది దారి. ట్రామడాల్ లాంటి నొప్పి మాత్రలు వాడేవాళ్లకు కుదరదు, ఆపరేషన్ ఉంటే ముందే చెప్పాలి. ఎకాంప్రోసేట్ లివర్ పాడైనవాళ్లకు నయం, కిడ్నీ మాత్రం చూడాలి. చిక్కల్లా పూటకు రెండు చొప్పున రోజుకు ఆరు మాత్రలు మింగాలి, మెకానిక్ షెడ్డులో మధ్యాహ్నం మాత్ర ఎవరికి గుర్తుంటుంది? లివర్ చెడినవాళ్లకు బాక్లోఫెన్ రాసే డాక్టర్లూ ఉన్నారు.

బావ తనే డైసల్ఫిరాం అడిగాడు. "సాయంత్రం నిర్ణయించుకోవడం నా వల్ల కాదు, పొద్దున్నే తేలిపోవాలి" అన్నాడు. కాఫీ అయ్యాక అక్క మాత్రని చెంచాలో నీళ్లతో కరిగించి ఇస్తుంది, ఆయన తాగి నాలుక చూపిస్తాడు. మొదట్లో మాకు అవమానంగా ఉండేది. ఇప్పుడు వాళ్ల చిన్నమ్మాయి "నాన్నా, ఆఁ అను" అంటూ తనే చూస్తుంది.

చెప్పకుండా కూరలోనో మజ్జిగలోనో కలిపే పొడులు, "ఆయనకి తెలియకుండా మాన్పిస్తాం" అనే ప్రకటనలు ఉంటాయి. వాటిలో ఏముందో తెలియదు. ఉన్నది డైసల్ఫిరామే అయితే, తెలియకుండా వైన్ షాపుకెళ్లిన మనిషి అక్కడే కుప్పకూలొచ్చు.

మీటింగులు

ఆల్కహాలిక్స్ అనానిమస్, ఏఏ. 1935లో అమెరికాలో పుట్టింది. ఫీజు లేదు, రిజిస్టరు లేదు, మానాలన్న కోరిక ఉంటే చాలు. పెద్ద ఊళ్లలో తెలుగులో జరుగుతాయి, ఎక్కువగా సాయంత్రాలు, ఏ స్కూలు గదిలోనో చర్చి హాల్లోనో. ఇది డాక్టరుకు బదులు కాదు, వణుకు ఉన్నవాడు మొదట ఆస్పత్రికే వెళ్లాలి. బావ మొదటిరోజు వెనక కుర్చీలో కూర్చుని ఒక్క ముక్క మాట్లాడలేదు. వచ్చి "అక్కడ నన్ను ఎవరూ తిట్టలేదు" అన్నాడు. కుటుంబాల కోసం అల్-అనాన్ అని విడిగా ఉంది. అక్కని నేను బలవంతాన తీసుకెళ్లాను, ఇప్పుడు బావ మీటింగు మానేసినా ఆవిడ మానదు.

గంజాయి, నొప్పి మాత్రలు, హెరాయిన్ లాంటి వాటికి దారి కొంత వేరు. ఒక్క సంగతి మాత్రం అందరికీ చెప్పాలి: నల్లమందు జాతి మత్తులు కొన్నాళ్లు మానేసి వచ్చినవాళ్లు పాత డోసే మళ్లీ తీసుకుంటే ప్రాణం పోవచ్చు, ఒంటికి ఆ ఓపిక పోయి ఉంటుంది.

రేపు పొద్దున వెళ్లేవాళ్లకి

వాడుతున్న మాత్రలన్నీ, పాత రిపోర్టులు, ఆధార్, రెండు జతల బట్టలు, చెప్పులు. కాగితం మీద ఆఖరిసారి తాగిన టైము రాసి పెట్టుకోండి, హడావుడిలో మర్చిపోతారు. దారిలో వణుకు ఎక్కువై "ఒక్క పెగ్గు" అంటే తిట్టకండి, ఆస్పత్రికి ఇంకా ఎంత దూరమో చూసుకుని బండి వేగం పెంచండి. నాలుగైదు రోజులు పోయాక "ఇక ఇంటికెళ్తాను, నాకేం లేదు" అని గొడవ చేస్తాడు. దాదాపు అందరూ చేస్తారు. అప్పుడు అప్పుల గురించి, పిల్లల ఫీజుల గురించి మాట్లాడకండి.

బావ ఈ రెండేళ్లలో ఒక్కసారి జారాడు, పోయిన ఏడాది తోడల్లుడి కొడుకు పెళ్లిలో. దానికి వారం ముందే మాత్ర ఆపేసి ప్లాన్ వేసుకున్నాడట. తాగొచ్చిన రాత్రి అక్క తలుపు తీసింది, అన్నం పెట్టింది, నాకు ఫోన్ చేసింది. మీకూ ఇలా జరిగితే, పట్టుదలకు పోయి పొద్దున్నే మళ్లీ డైసల్ఫిరాం వేయించకండి. ఎన్నింటికి, ఎంత తాగాడో రాసుకోండి. రోజూ తాగడం మళ్లీ మొదలైతే ఒక్కసారిగా ఆపించకుండా, వణుకు మొదలవకముందే అదే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. మేం మర్నాడు పది గంటలకు ఓపీలో ఉన్నాం. టోకెన్ నంబరు ముప్పై నాలుగు.